న్యూరెంబర్గ్‌లో రెండున్నర రోజులు ఎలా గడపాలి

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చే మన తల్లిదండ్రులు ఎక్కువగా మ్యూనిక్, బెర్లిన్, కొలోన్ చూసి తిరుగు విమానం ఎక్కుతారు. దారిలో న్యూరెంబర్గ్ స్టేషన్‌లో రైలు ఆగినా చాలామంది దిగరు. దిగినవారు కూడా కోట ఎక్కి, చౌరస్తాలో ఫొటోలు తీసుకుని, మూడు నాలుగు గంటల్లో మళ్ళీ రైలెక్కేస్తారు. ఈ ఊరికి మూడు రాత్రులు కేటాయించమని అడగడానికే ఇది రాస్తున్నాను. పవిత్ర రోమన్ సామ్రాజ్యపు చక్రవర్తులు శతాబ్దాల పాటు కొలువుతీరిన నగరం ఇది. నాజీలు ఏటా లక్షల మందితో సభలు జరిపిన నగరమూ ఇదే. చివరికి వారి నాయకులు బోనులో నిలబడి తీర్పు విన్నదీ ఇక్కడే. మధ్యయుగపు అందం ఒక్కటే చూసి వెళ్ళిపోతే సగం ఊరే చూసినట్టు. కింద చెప్పిన వరుసలో తిరిగితే హడావిడి లేకుండా, పెద్దవాళ్ళ మోకాళ్ళను కష్టపెట్టకుండా రెండు భాగాలూ చూడవచ్చు.

ముందుగా తేదీలు

ఏ రోజుల్లో వెళ్ళాలో నిర్ణయించుకునే ముందు ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూసుకోండి. జర్మానిక్ జాతీయ మ్యూజియం సోమవారం తెరవరు. చిత్రకారుడు ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ ఇంటికీ ఏడాదిలో ఎక్కువ భాగం సోమవారమే సెలవు. యుద్ధ నేరాల విచారణ జరిగిన న్యాయస్థాన మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆదివారం దుకాణాలు, సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి. చర్చిలలో ఉదయం ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి లోపల తిరిగి చూడటం కుదరదు. అందువల్ల గురువారం సాయంత్రానికి ఊరు చేరుకుని, శుక్ర, శనివారాలు పూర్తిగా తిరిగి, ఆదివారం మధ్యాహ్నం బయలుదేరడం అన్నిటికంటే సౌకర్యం.

ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ చివరి వరకు వాతావరణం మనకు అనుకూలంగా ఉంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అయినా క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు మొదలై 24వ తేదీతో ముగిసే క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్ అనే సంత కోసం జనం విరగబడి వస్తారు. ఆ సంత చూడాలనుకుంటే వారం మధ్య రోజుల్లో రండి, గది నెలల ముందే తీసుకోండి. జనవరి చివరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో ఇక్కడ ప్రపంచ ప్రసిద్ధమైన బొమ్మల వాణిజ్య ప్రదర్శన జరుగుతుంది. ఆ వారంలో హోటల్ ధరలు మండిపోతాయి కాబట్టి దాన్ని తప్పించండి.

భారత్ నుంచి వచ్చేవారికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణ ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తల్లిదండ్రుల ఖర్చు మీరే భరిస్తున్నట్లయితే, మీరు ఉండే ఊరి విదేశీయుల కార్యాలయంలో ‘ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్’ అనే హామీపత్రం తీసుకోవాలి. కొన్ని ఊళ్ళలో దానికి అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి టిక్కెట్ల కంటే ముందు ఆ పని మొదలుపెట్టండి.

చేరుకోవడం, బస

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి న్యూరెంబర్గ్‌కు వేగవంతమైన ఐసీఈ రైలులో సుమారు రెండున్నర గంటలు, మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. మ్యూనిక్ వైపు నుంచి నలుగురైదుగురు కలిసి వస్తుంటే బయర్న్ టికెట్ తీసుకోండి. అది ప్రాంతీయ రైళ్ళలో మాత్రమే, పని దినాల్లో ఉదయం తొమ్మిది తర్వాత మాత్రమే చెల్లుతుంది. ప్రయాణం కొంచెం ఎక్కువసేపైనా ఖర్చు బాగా తగ్గుతుంది. న్యూరెంబర్గ్‌కే విమానంలో దిగితే యూ2 మెట్రో పావుగంట లోపే ప్రధాన స్టేషన్‌కు చేరుస్తుంది. ఆ మెట్రోకు డ్రైవర్ ఉండరు. పిల్లలు ముందు పెట్టె అద్దం దగ్గర నిలబడితే సొరంగం మొత్తం కనిపిస్తుంది.

గది ప్రధాన స్టేషన్‌కూ పాత నగరానికీ మధ్య తీసుకోండి. కోట పక్కన గది ఫొటోల్లో అందంగా కనిపిస్తుంది, కానీ సూట్‌కేసు లాక్కుంటూ రాళ్ళు పరిచిన ఎత్తు దారి ఎక్కడం పెద్దవాళ్ళతో అయ్యే పని కాదు. మూడో రోజు సామాను స్టేషన్ లాకర్‌లో పెట్టి తిరగడానికీ ఈ చోటే వీలు. ఇంట్లో శాకాహారులు ఉంటే చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం మేలు. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో దొరికే నాటుర్‌యోగుర్ట్ మన పెరుగుకు చాలా దగ్గరగా ఉంటుంది. రోజంతా నడిచి వచ్చాక కాస్త పెరుగన్నం దొరికితే మా నాన్నగారికి మర్నాటి నడకకు ఓపిక వచ్చేది.

టికెట్ల విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోండి. నగరంలో తిరగడానికి ‘టాగెస్‌టికెట్ ప్లస్’ అనే రోజు టికెట్ ఒకటి తీసుకుంటే ఇద్దరు పెద్దలు, వారితో పిల్లలు కలిసి మెట్రో, ట్రామ్, బస్సులన్నిటిలో తిరగవచ్చు. శనివారం కొన్నది ఆదివారం కూడా చెల్లుతుంది. రెండు రోజుల్లో నాలుగైదు మ్యూజియాలు చూసే ఆలోచన ఉంటే న్యూరెంబర్గ్ కార్డు లెక్కవేసి చూడండి. అందులో రెండు రోజుల రవాణా, మ్యూజియాల ప్రవేశం కలిసి ఉంటాయి. 

మొదటి రోజు: స్టేషన్ నుంచి కోట దాకా నడక

ఈ రోజుకు మెట్రో అక్కరలేదు. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రధాన స్టేషన్ ముందు నుంచి మొదలుపెట్టండి. రోడ్డు దాటగానే లావుపాటి గుండ్రటి బురుజు ఎదురవుతుంది; అది ఫ్రావెన్‌టోర్. పాత నగరం చుట్టూ ఒకప్పుడు దాదాపు ఐదు కిలోమీటర్ల ప్రాకారం ఉండేది, అందులో ఎక్కువ భాగం ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ గోడ దాటి కోనిగ్‌స్ట్రాసె వీధిలో తిన్నగా నడిస్తే సెయింట్ లోరెంజ్ చర్చి వస్తుంది.

ఇక్కడ కనీసం ముప్పావుగంట ఆగండి. లోపలికి వెళ్ళగానే పైకప్పు నుంచి వేలాడుతున్న పెద్ద కొయ్య శిల్పం కనిపిస్తుంది: గులాబీల వలయం మధ్య గాబ్రియేల్ దేవదూత, మేరీమాత. వైట్ ష్టోస్ 1517, 1518 సంవత్సరాల్లో చెక్కిన పని ఇది. దాన్ని చూశాక ఎడమవైపు స్తంభాన్ని ఆనుకుని తీగలా పైకి సాగే రాతి గోపురం దగ్గరికి వెళ్ళండి. ఆడమ్ క్రాఫ్ట్ 1493 నుంచి 1496 వరకు చెక్కిన ఈ కట్టడం దాదాపు 20 మీటర్ల ఎత్తుకు వెళ్ళి, కమానుకు తగిలి, పూల కాడలా వంగుతుంది. రాయి అలా వంగడం నమ్మలేక అందరూ తలెత్తి పైకే చూస్తారు. మీరు కిందికి చూడండి. ఆ బరువంతా వీపు మీద మోస్తూ ముగ్గురు మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని ఉంటారు. గడ్డంతో, చేతిలో పనిముట్లతో ఉన్నవాడు శిల్పి ఆడమ్ క్రాఫ్టే. దేవుడి బొమ్మల పక్కన తన ముఖాన్ని, పనివాడి దుస్తులను కూడా చెక్కుకున్నాడు. అతని చొక్కా మడతలు, చేతుల నరాలు కంటి ఎత్తులోనే ఉంటాయి కాబట్టి దగ్గరగా చూడవచ్చు. మా అమ్మ అక్కడ చాలాసేపు నిలబడి, “మన రామప్ప గుడికి శిల్పి పేరే ఉంది, ఇక్కడ శిల్పి తానే ఉన్నాడు” అంది.

ఆ గోపురానికి డబ్బిచ్చినవారు ఇమ్‌హోఫ్ అనే వర్తక కుటుంబం. సుగంధ ద్రవ్యాల వ్యాపారంలో పేరుపొందిన ఈ కుటుంబం 1505లో లిస్బన్ నుంచి భారతదేశానికి బయలుదేరిన పోర్చుగీసు నౌకలలో పెట్టుబడి పెట్టిన జర్మన్ వర్తకులలో ఒకటి. మలబారు మిరియాలకూ ఈ ఊరి సంపదకూ ఉన్న సంబంధం ఈ చర్చి మెట్ల మీదే మొదలవుతుందని గుర్తుంచుకుంటే, సాయంత్రం దుకాణంలో లెబ్‌కూఖన్ అనే మసాలా తీపి బిస్కెట్ల వాసన చూసినప్పుడు అది కొత్తగా అనిపించదు.

చర్చి నుంచి కిందికి నడిచి మ్యూజియం వంతెన మీద పెగ్నిట్జ్ నదిని దాటండి. కుడివైపు నీటి మీదికి కమానులతో చాచుకున్న భవనం హైలిగ్ గైస్ట్ ఆసుపత్రి. మధ్యయుగంలో వృద్ధులను, రోగులను ఆదరించడానికి ఒక వర్తకుడు కట్టించాడు. ఫొటో తీసుకుని ముందుకు సాగండి, ఎందుకంటే మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాల ముందే ప్రధాన చౌరస్తా హౌప్ట్‌మార్క్ట్‌లో ఉండాలి.

చౌరస్తాకు తూర్పున ఉన్న ఫ్రావెన్‌కిర్ష చర్చి ముఖం మీద గడియారం ఉంది. సరిగ్గా పన్నెండుకు తలుపులు తెరుచుకుని, ఏడుగురు ఎలెక్టర్ల (చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువుల) బొమ్మలు సింహాసనం మీద కూర్చున్న చక్రవర్తి చుట్టూ మూడుసార్లు తిరిగి నమస్కరిస్తాయి. 1509 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. చక్రవర్తిని ఎవరు ఎన్నుకోవాలో నిర్ణయించిన 1356 నాటి స్వర్ణ శాసనానికి గుర్తుగా దీన్ని పెట్టారు. కొత్తగా ఎన్నికైన రాజు తన మొదటి సభను న్యూరెంబర్గ్‌లోనే జరపాలని ఆ శాసనం చెప్పింది. జనం చప్పట్లు కొడతారు, పిల్లలకు బాగా నచ్చుతుంది. అయితే బొమ్మలు లోపలికి వెళ్ళాక ఒక్క నిమిషం అక్కడే నిలబడండి. ఆ సింహాసనం మీద ఉన్నది నాలుగో కార్ల్ చక్రవర్తి. 1349లో అతని అనుమతితోనే ఈ చోట ఉన్న యూదుల వాడను కూలగొట్టారు, వందల మంది యూదులను చంపారు, వారి ప్రార్థనాలయం ఉన్న స్థలంలో ఈ చర్చి కట్టారు. చౌరస్తా ఇంత విశాలంగా ఉండటానికి కారణం అదే. రేపు చూడబోయే న్యాయస్థానానికి దారి ఇక్కడి నుంచే మొదలవుతుందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

చౌరస్తా మరో మూల 19 మీటర్ల ఎత్తున రంగులతో మెరిసే ష్యోనర్ బ్రున్నెన్ ఉంది. పేరుకు అర్థం అందమైన ఫౌంటెన్. దాని ఇనుప కంచెలో ఒక ఇత్తడి ఉంగరాన్ని తిప్పితే కోరిక నెరవేరుతుందని ఇక్కడివారి నమ్మకం. ఇప్పుడున్నది నకలు, పద్నాలుగో శతాబ్దపు అసలు ఫౌంటెన్ ముక్కలు జర్మానిక్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

భోజనం ఈ చుట్టుపక్కలే ముగించండి. ఊరి ప్రత్యేకత చూపుడువేలంత పొడవుండే న్యూరెంబర్గ్ సాసేజ్. యూరోపియన్ చట్టం ప్రకారం ఆ పేరుతో అమ్మేవాటిని ఈ నగరంలోనే తయారుచేయాలి, పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు ఉండాలి. ‘ద్రై ఇమ్ వెగ్లా’ అని అడిగితే గుండ్రటి రొట్టెలో మూడు పెట్టి ఇస్తారు. అది పంది మాంసం, తిననివారు ఈ పేరు గుర్తుపెట్టుకోండి. శాకాహారులు ‘ఇఖ్ ఎస్సె కైన్ ఫ్లైష్ ఉంట్ కైనెన్ ఫిష్’ అని చెబితే మాంసం, చేప రెండూ తినరని అర్థమవుతుంది. శాకాహారం అని ఒక్క మాట చెబితే కొన్నిచోట్ల బంగాళదుంప ఉండల మీద మాంసపు పులుసు పోసి తెస్తారు. అందుకని ‘ఓనె ఫ్లైష్‌సోసె’ అని కూడా అడగండి. చీజ్ కలిపిన కేజెష్పెట్స్‌లె అనే నూడుల్స్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది, కారం లేకపోయినా కడుపు నిండుతుంది. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో చౌరస్తాలో పండ్లు, కూరగాయల దుకాణాలు ఉంటాయి.

తిన్నాక సెయింట్ సేబాల్డ్ చర్చిలోకి వెళ్ళండి. పీటర్ ఫిషర్ తన కొడుకులతో కలిసి 1508 నుంచి 1519 వరకు పోతపోసిన కంచు మందిరం ఇక్కడ ఉంది. దాన్ని మోస్తున్నవి పన్నెండు నత్తలు. పిల్లలను లెక్కపెట్టమనండి. గోడల మీద 1945 నాటి శిథిలాల ఫొటోలు కూడా ఉన్నాయి, వాటిని దాటేయకండి. 1945 జనవరి 2 రాత్రి జరిగిన బాంబు దాడిలో పాత నగరంలో సుమారు తొంభై శాతం నేలమట్టమైంది. మీరు ఉదయం నుంచి నడుస్తున్న వీధులు మధ్యయుగపు వీధుల గీతల మీద మళ్ళీ కట్టినవి. కొన్ని ఇళ్ళు రాయి రాయీ ఏరి నిలబెట్టినవి, కొన్ని 1950లలో సాదాగా కట్టినవి. ఏది ఏదో పోల్చుకోవడం వచ్చాక నడక ఎంతో ఆసక్తిగా మారుతుంది.

అక్కడి నుంచి కోటకు బుర్గ్‌స్ట్రాసె వీధి ఎత్తుగా సాగుతుంది. మెల్లగా, రెండు మూడు చోట్ల ఆగుతూ ఎక్కండి. రాళ్ళు వానకు జారుతాయి, మడమ బూట్లు, పల్చటి చెప్పులు వద్దు. చీర కట్టుకున్న పెద్దవాళ్ళకు కూడా కింద మంచి పట్టున్న బూట్లు ఉండాలి. కోట ప్రాంగణం, ఊరంతా కనిపించే ముంగిలి ఉచితం; రాజభవనం, బావి, గుండ్రటి సిన్‌వెల్ బురుజు చూడాలంటే టికెట్ ఉంది. బురుజు మెట్లు ఇరుకు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు దాన్ని వదిలేసినా నష్టం లేదు, కింద ముంగిలి నుంచే ఎర్ర పెంకుల కప్పులన్నీ కనిపిస్తాయి. బావిని మాత్రం వదలకండి. దాదాపు 50 మీటర్ల లోతు బండను చేత్తో తొలిచిన బావి అది. గైడ్ ఒక చెంబెడు నీళ్ళు పోసి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంటారు. ఎంతకీ చప్పుడు రాదు, ఇక రాదేమో అనుకునేసరికి అడుగు నుంచి వినిపిస్తుంది. తర్వాత కొవ్వొత్తులు పెట్టిన పళ్ళేన్ని తాడుతో దింపుతారు. వెలుగు చుక్కలా చిన్నదై నీటిని తాకుతుంది. ముట్టడి వస్తే కోట నిలవడానికి ఈ బావే ఆధారం కాబట్టి దాన్ని రహస్యంగా, జాగ్రత్తగా కాపాడుకున్నారు.

కోట దిగి టియర్‌గెర్ట్‌నర్‌టోర్ గుమ్మం దగ్గరికి వస్తే ఎదురుగా కొయ్య దూలాల ఇల్లు కనిపిస్తుంది. చిత్రకారుడు ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528లో చనిపోయే వరకు ఇక్కడే ఉన్నాడు. ఈ ఇంట్లో ఉన్నప్పుడే, 1515లో, మన దేశపు ఖడ్గమృగాన్ని చెక్క అచ్చులో చెక్కాడు. గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసువారికి బహుమతిగా ఇచ్చిన ఆ జంతువు ఓడలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని ఎన్నడూ చూడలేదు. ఎవరో పంపిన వర్ణన, గీత ఆధారంగా గీసి, ఒంటికి కవచపు పలకలు తొడిగినట్టు చూపించాడు. తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు యూరప్‌లో ఖడ్గమృగం అంటే ఈ బొమ్మే. ఇంట్లో అచ్చు యంత్రం పనిచేసే తీరు చూపిస్తారు, ఆ సమయం టికెట్ దగ్గర అడిగి తెలుసుకోండి.

సాయంత్రం వైస్‌గెర్బర్‌గాసె వీధిలో నడవండి. తోళ్ళు ఊనేవారి వీధి అది, బాంబుల నుంచి మిగిలిన పాత ఇళ్ళు ఎక్కువగా ఇక్కడే వరుసగా కనిపిస్తాయి. చివర నది మీద కొయ్య కప్పు ఉన్న హెంకర్‌ష్టెగ్ వంతెన వస్తుంది. తలారి ఉండే బురుజు దీని మీదే. శిక్ష అమలుచేసేవాడిని ఊరు తనతో కలవనిచ్చేది కాదు, అందుకే నీటి మీద విడిగా ఇల్లు ఇచ్చారు. సూర్యాస్తమయానికి ఈ వంతెన మీద ఉంటే మొదటి రోజు నిండినట్టే.

రెండో రోజు: ఇరవయ్యో శతాబ్దం

ఈ రోజును తేలికగా పెట్టుకోండి, రెండు చోట్లే ముఖ్యం. ఉదయం ప్రధాన స్టేషన్ నుంచి ఫ్యూర్త్ వైపు వెళ్ళే యూ1 మెట్రో ఎక్కి బేరెన్‌షాంట్సె స్టేషన్‌లో దిగండి. జర్మనీలో మొదటి ఆవిరి రైలు ‘ఆడ్లర్’ 1835 డిసెంబర్ 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కు నడిచిన దారి కూడా ఈ వైపే. రైళ్ళంటే ఇష్టమున్నవారు స్టేషన్ దగ్గరున్న డీబీ రైల్వే మ్యూజియంలో దాని నమూనా చూడవచ్చు.

మెట్రో దిగి కొద్ది దూరం నడిస్తే న్యాయభవనం వస్తుంది. దాని పై అంతస్తులో విచారణల మ్యూజియం, దాని కింద 600 నంబరు న్యాయస్థానం ఉన్నాయి. 1945 నవంబర్ 20 నుంచి 1946 అక్టోబర్ 1 వరకు ఇక్కడే నాజీ ప్రముఖుల మీద అంతర్జాతీయ సైనిక న్యాయస్థానం విచారణ జరిపింది. బోనులో కూర్చున్నవారు 21 మంది. పట్టుబడని హిట్లర్ కార్యదర్శి బోర్మన్‌ను కూడా కలిపి 22 మంది మీద తీర్పు వచ్చింది. 12 మందికి మరణశిక్ష, ఏడుగురికి జైలు, ముగ్గురు విడుదల. ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్ భాషల్లో ఒకే సమయంలో అనువాదం వినిపించే పద్ధతిని ఇంత పెద్ద ఎత్తున వాడింది మొదట ఇక్కడే. అంతకుముందు యుద్ధం చేయడం రాజ్యాల వ్యవహారం; ఇక్కడ దేశాధినేతల ఆజ్ఞ పాటించానన్న సమాధానం నేరానికి రక్షణ కాదని న్యాయస్థానం చెప్పింది.

ముందు పై అంతస్తు ప్రదర్శన చూసి తర్వాత న్యాయస్థానంలోకి దిగండి. ఇంగ్లిష్ ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి, లేకపోతే గోడల నిండా ఉన్న జర్మన్ రాతలో చిక్కుకుంటారు. గది పాత ఫొటోల్లో కంటే చిన్నదిగా అనిపిస్తుంది. విచారణ కాలంలో విలేకరుల కోసం గోడ తీసి గదిని పెద్దది చేశారు, తర్వాత మళ్ళీ కట్టేశారు. 2020 వరకు ఇక్కడ మామూలు క్రిమినల్ కేసులు నడిచాయి. బెంచీ మీద కూర్చుని బోను ఉన్న వైపు చూడండి. తలుపు పైన చెక్కిన ఆదాము, అవ్వల శిల్పం ఆ రోజుల్లో నిందితులు చూసిందే. ఇక్కడ గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. పదేళ్ళలోపు పిల్లలు విసుగుపడతారు, కొన్ని చిత్రాలు వారు చూడదగ్గవి కావు. వారితో ఒకరు పక్కనే పెగ్నిట్జ్ ఒడ్డు పచ్చికలో ఉండి, తర్వాత వంతులు మార్చుకోవచ్చు.

ఆ పచ్చిక దాటి అవతలి ఒడ్డుకు వెళితే సెయింట్ యోహానిస్ శ్మశానం వస్తుంది. సమాధి రాళ్ళన్నీ నేలకు అడ్డంగా, దాదాపు ఒకే కొలతలో ఉంటాయి; ధనవంతుడి రాయి కూడా పెద్దది కాదు. మనిషి ఎవరో, ఏ వృత్తివాడో చెప్పేవి వాటి మీది కంచు ఫలకాలు. డ్యూరర్ సమాధి నంబరు 649. ఉదయం చూసిన దాని తర్వాత ఈ నిశ్శబ్దం మనసుకు అవసరం.

మధ్యాహ్నం 6వ నంబరు ట్రామ్‌లో డోకు‑జెంట్రుమ్ ఆఖరి స్టాపుకు వెళ్ళండి. 1933 నుంచి 1938 వరకు నాజీ పార్టీ సభలు జరిగిన మైదానం ఇది. రోమ్ కొలోసియాన్ని పోలిన కాంగ్రెస్ హాలును 50,000 మంది కోసం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. దాని ఒక మూలను గాజు, ఉక్కుతో చేసిన నడవ బల్లెంలా చీల్చుకుంటూ పోతుంది; 2001లో తెరిచిన సమాచార కేంద్రం అందులోనే ఉంది. అక్కడ మరమ్మతు పనులు కొన్నేళ్ళుగా సాగుతున్నందున ఏ ప్రదర్శన తెరిచి ఉందో ముందు రోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి. తర్వాత చెరువు ఒడ్డున నడిచి జెప్పెలిన్ మైదానానికి వెళ్ళండి. హిట్లర్ వాస్తుశిల్పి ఆల్బెర్ట్ ష్పేర్ రూపొందించిన రాతి వేదిక పగుళ్ళు పట్టి, మెట్ల మధ్య గడ్డి మొలిచి ఉంది. దాని మీది స్వస్తిక చిహ్నాన్ని 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం పేల్చేసింది. ఆ చిహ్నం గురించి ఒక హెచ్చరిక: మన ఇళ్ళ గడప మీది స్వస్తిక వేరు, దీని చరిత్ర వేరు అని మనకు తెలుసు, కానీ జర్మనీలో నాజీ చిహ్నం బహిరంగంగా ప్రదర్శించడం నేరం కాబట్టి ఈ పర్యటనలో స్వస్తిక లాకెట్, స్వస్తిక అచ్చు ఉన్న దుస్తులు బయటికి కనిపించకుండా చూసుకోండి. వేదిక మీద చేయి చాచి ఫొటో దిగడం కూడా నేరమే. కుర్రవాళ్ళకు ముందే చెప్పండి.

మూడో రోజు ఉదయం

సామాను స్టేషన్ లాకర్‌లో పెట్టి జర్మానిక్ జాతీయ మ్యూజియానికి నడిచి వెళ్ళండి, పది నిమిషాల దూరం. 1852లో స్థాపించిన ఈ మ్యూజియం ఒక పూటలో అయ్యేది కాదు కాబట్టి అంతా చూడాలని పరుగెత్తకండి. కౌంటరులో పటం తీసుకుని, మూడు వస్తువులు ఏ గదుల్లో ఉన్నాయో అడగండి: కంచు యుగపు బంగారు టోపీ, డ్యూరర్ చిత్రాలు, మార్టిన్ బెహైమ్ భూగోళం (గ్లోబు). ప్రపంచంలో మిగిలిన అతి పాత భూగోళం ఈ మూడోది. 1492, 1494 మధ్య ఇక్కడే తయారైంది. అందులో అమెరికా లేదు. యూరప్ నుంచి పడమర సముద్రం దాటితే నేరుగా ఆసియా వస్తుంది. ఆనాటి వర్తకులు మిరియాల దేశాన్ని ఎక్కడ వెతికారో గోళం చుట్టూ ఒకసారి తిరిగితే కళ్ళకు కడుతుంది.

మ్యూజియం గుమ్మం ముందున్న కార్టోయ్‌జర్‌గాసె వీధిలో తెల్లటి స్తంభాల వరుస ఉంది. శిల్పి డానీ కరవాన్ 1993లో నిలిపిన మానవ హక్కుల వీధి అది. 27 స్తంభాలు, నేలలో రెండు ఫలకాలు, ఒక ఓక్ చెట్టు కలిపి ముప్పై. విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని ముప్పై అధికరణాలు ఒక్కోటి జర్మన్‌లోనూ ఇంకో భాషలోనూ చెక్కి ఉన్నాయి. మొదటి స్తంభం మీది భాష యిడ్డిష్. నాజీలు చంపిన యూదులలో చాలామంది ఇంట్లో మాట్లాడుకున్న భాష అది. స్టేషన్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు ఈ స్తంభాల మధ్య నుంచే నడవండి.

రైలుకు గంట మిగిలితే (ఆదివారమైతే దుకాణాలు మూసి ఉండవచ్చు కాబట్టి ముందు రోజే) ఫ్రావెన్‌టోర్ లోపలి చేతివృత్తుల ప్రాంగణంలో లెబ్‌కూఖన్ కొనండి. ‘ఎలిజెన్’ అని రాసి ఉన్నవాటిలో పిండి చాలా తక్కువ, పప్పుల గింజలు కనీసం పావు వంతు ఉంటాయి. దాల్చినచెక్క, లవంగం, యాలకుల వాసన డబ్బా తెరవగానే వస్తుంది. వాటిలో గుడ్డు ఉంటుంది కాబట్టి తిననివారికి ఇచ్చేముందు డబ్బా మీద ‘ఐ’ (Ei) అనే మాట ఉందేమో చూడండి. రేకు డబ్బాలో ఉన్నవి వారాల పాటు నిలవ ఉంటాయి, హైదరాబాద్ దాకా చెక్కుచెదరకుండా చేరతాయి.